పాత్రధారణ ఆటల్లో బిళ్లలు

పాత్రధారణ ఆటల్లో, అంటే రోల్‌ప్లేయింగ్ గేముల్లో, ఏ పాత్ర ఎక్కడ నిలబడి ఉందో చూపడానికి గళ్ల పటం మీద పెట్టే చదునైన ముక్కను బిళ్ల లేదా టోకెన్ అంటారు. అట్ట, చెక్క, లోహం, ప్లాస్టిక్, రాయి, దేనితోనైనా దీన్ని చేసుకోవచ్చు. ఇదే పనికి లోహంతోనో ప్లాస్టిక్‌తోనో పోతపోసి రంగులద్దిన మూడు సెంటీమీటర్ల ఎత్తు బొమ్మలు కూడా ఉన్నాయి. వాటిని మినియేచర్లంటారు. మినియేచరు పాత్ర రూపాన్ని చూపిస్తుంది. బిళ్ల ఆ పాత్ర ఉన్న చోటును, అది ఆక్రమించిన జాగాను, అది ఎవరిదన్న సంగతిని చూపిస్తుంది. ఆట నడవడానికి ఈ మూడూ చాలు.

ఈ ఆటల్లో ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. తలుపు వెనక ఏముందో కథ నడిపేవారు చెబుతారు, తన పాత్ర ఏం చేస్తుందో ఆటగాడు చెబుతాడు, తేలని చోట పాచికలు తేలుస్తాయి. ఆటలో అధికభాగం మాటల్లోనే జరిగిపోతుంది. పోరు వచ్చినప్పుడే చిక్కు. నలుగురు ఆటగాళ్లు, ఎనిమిదిమంది శత్రువులు, రెండు తలుపులు, ఒక మెట్లదారి అనేసరికి ఎవరు ఎవరికి ఎంత దూరంలో ఉన్నారన్నది ఒక్కొక్కరి మనసులో ఒక్కోలా ఉంటుంది. పటమూ బిళ్లలూ ఆ తేడాను తీర్చడానికి వచ్చాయి. వీటి అవసరమే లేకుండా అంతా ఊహలోనే ఆడే బృందాలూ ఉన్నాయి. చిన్నపాటి కొట్లాటలకు ఆ పద్ధతి హాయిగా సరిపోతుంది.

పూర్వచరిత్ర

చదును ముక్కలతో యుద్ధం ఆడడం పాత్రధారణ ఆటలకంటే చాలా పాతది. ప్రష్యా సైనికాధికారి గియోర్గ్ హైన్రిష్ ఫన్ రైస్‌విట్జ్ 1824లో ‘క్రీగ్‌స్పీల్’ నియమాలు ప్రచురించాడు. 1812లో ఆయన తండ్రి రూపొందించి రాజుకు చూపిన ఆటకు ఇది మెరుగైన రూపం. 1:8000 కొలతలో గీసిన పటం మీద ఎరుపు, నీలం రంగుల చిన్న దీర్ఘచతురస్రపు దిమ్మెలను కదిపేవారు. దిమ్మె మీద సైనికుడి రూపం ఉండదు. అది ఏ దళమో తెలిపే గుర్తు ఉంటుంది. రెండు పక్షాల ఆజ్ఞలు విని ఫలితం చెప్పే మధ్యవర్తి కూడా ఆ ఆటలో ఉండేవాడు. ఈనాడు కథ నడిపేవారి పని అక్కడే మొదలైంది.

బొమ్మల్లోనూ చదునువి ఉన్నాయి. జర్మనీలోని నూరెంబర్గ్‌లో 18వ శతాబ్దిలో హిల్పర్ట్ కుటుంబం తగరంతో పలకలాంటి పలుచని సైనికులను పోతపోసి అమ్మింది. 19వ శతాబ్ది మధ్యలో అదే ఊరి హైన్‌రిక్‌సెన్ సంస్థ 30 మిల్లీమీటర్ల ఎత్తును స్థిరపరచింది. నిండుగా, గుండ్రంగా ఉండే బొమ్మ సైనికులతో ఇంట్లో ఆడుకునే యుద్ధానికి ఎచ్.జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ పుస్తకంలో నియమాలు రాశాడు. మరోపక్క అమెరికాలో చార్లెస్ రాబర్ట్స్ 1954లో తెచ్చిన ‘టాక్టిక్స్’ ఆటలో అట్టముక్కలే సైన్యాలు. ఆయన స్థాపించిన అవలాన్ హిల్ సంస్థ ద్వారా అరంగుళం అట్టబిళ్ల ఇలాంటి యుద్ధక్రీడల్లో వాడుకైంది.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రధారణ ఆట బొమ్మలు, అట్టబిళ్లలు అన్న ఈ రెండు పాయలూ కలిసిన చోట పుట్టింది. గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ 1971లో రాసిన ‘చెయిన్‌మెయిల్’ బొమ్మలతో ఆడే మధ్యయుగపు యుద్ధక్రీడ. దాని మీద కట్టిన కొత్త ఆటను గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో వెలువరించారు. పెట్టె మీద మినియేచర్ల మాట ఉంది. లోపలి పుస్తకం మాత్రం వాటిని తప్పనిసరి చేయలేదు. కంటికి ఇంపుగా ఉంటాయని మాత్రం చెప్పింది. అట్టబిళ్లలతోనూ ఆడుకోవచ్చని అక్కడే రాసింది. అంటే బిళ్ల ఈ ఆటలోకి తర్వాత వచ్చిన సర్దుబాటు కాదు, మొదటి రోజు నుంచీ నియమాల్లో ఉన్నదే. ఆ రోజుల్లో గైగాక్స్ బల్ల మీద చౌక ప్లాస్టిక్ బొమ్మలు కూడా రాక్షసులుగా నిలబడేవి. హాంకాంగ్‌లో తయారై సంచుల్లో అమ్ముడుపోయిన ఆ వింత జంతువుల నుంచే రస్ట్ మాన్‌స్టర్, బులెట్ వంటి ప్రసిద్ధ జీవులు పుట్టుకొచ్చాయి.

తర్వాతి దశాబ్దాల్లో బిళ్లకు రకరకాల రూపాలు వచ్చాయి. స్టీవ్ జాక్సన్ గేమ్స్ 1980లో విడుదల చేసిన ‘కార్డ్‌బోర్డ్ హీరోస్’ మడిచి నిలబెట్టే రంగుల అట్టబొమ్మలు. వాటికి బొమ్మలు గీసినవాడు డెనిస్ లూబె. డంజన్స్ అండ్ డ్రాగన్స్ నాలుగో కూర్పు 2008లో గళ్ల పటాన్ని ఆటకు కేంద్రం చేసింది. దానికి అనుబంధంగా 2010లో వచ్చిన ‘మాన్‌స్టర్ వాల్ట్’ పెట్టెలో రాక్షసుల చదును బిళ్లలు పలకల కొద్దీ ఉన్నాయి. పైజో సంస్థ 2011లో తెచ్చిన ‘పాత్‌ఫైండర్ బిగినర్ బాక్స్’లో ప్లాస్టిక్ పీటలో గుచ్చి నిలబెట్టే అట్టబొమ్మలు ఇచ్చారు. అప్పటికి పెద్ద సంస్థలు కూడా కొత్తవాళ్లకు బొమ్మలకంటే అట్టే దగ్గరదారి అని ఒప్పుకున్నట్టయింది.

హోసూరు, కృష్ణగిరి నేపథ్యం

చిన్న ముక్కలతో ఆడే అలవాటు మన ఊళ్లలోనూ ఉన్నదే. అందుకు హోసూరు, కృష్ణగిరి ప్రాంతం ఒక ఉదాహరణ. కృష్ణగిరి జిల్లా తమిళనాడు వాయవ్య అంచున కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌లను ఆనుకుని ఉంది. 2004 ఫిబ్రవరి 9న ధర్మపురి నుంచి విడిపోయి ఏర్పడింది. హోసూరు ఈ జిల్లాలోనే పెద్ద పట్టణం. బెంగళూరుకు 40 కిలోమీటర్ల దూరంలో ఉండే ఈ పారిశ్రామిక పట్టణం 2019లో నగరపాలక సంస్థ అయింది. ఇక్కడి తెలుగువాళ్లు వలస వచ్చి ఒక పేటలో సర్దుకున్నవాళ్లు కారు. తరతరాలుగా ఊళ్లకు ఊళ్లే తెలుగు మాట్లాడుతున్నాయి. పక్క ఇంట్లో కన్నడం, కచేరీలో తమిళం.

ఈ సీమలో ఇంటి అరుగుల మీద, గుడి మండపాల్లో, చెట్టు కింది బండల మీద ఆడుతూ వచ్చిన ఆటలు చాలావరకు రాళ్లతోనో గింజలతోనో నడిచినవే. పులిజూదం అందులో మొదట చెప్పుకోవలసింది. తమిళులు దీన్ని ఆడుపులి ఆట్టం అంటారు. బొగ్గుతోనో సుద్దతోనో త్రిభుజపు గీతలు గీస్తే 23 కూడళ్లు వస్తాయి. ఒకరికి మూడు పులులు, రెండోవారికి పదిహేను మేకలు. మేకలను వంతుకు ఒకటి చొప్పున పటంలోకి దింపుతారు. అన్నీ దిగేదాకా మేక కదలకూడదు. పులి మేక మీదుగా అవతలి ఖాళీ కూడలికి దూకితే మేక పోతుంది. పులులకు కదలడానికి దారి లేకుండా చుట్టుముడితే మేకలు గెలుస్తాయి. ఇంత ఉత్కంఠ ఉన్న ఆటకు కావలసిన సరంజామా మూడు పెద్ద గులకరాళ్లు, పదిహేను చిన్నవి. పులికి చారలు గీయాలని ఎవరికీ తోచలేదు. పరిమాణం చూస్తేనే ఏది పులో తెలిసిపోతుంది. పాత్రధారణ ఆటలో బిళ్ల చేసే పని అచ్చంగా ఇదే. పైగా బలం అసమానంగా ఉన్న రెండు పక్షాలు, కొద్దిమంది బలవంతులు, ఎక్కువమంది బలహీనులు అన్న అమరిక కూడా రాక్షసుల మీదికి దండు వెళ్లే పాత్రధారణ ఆటలకు దగ్గరిదే.

అష్టాచెమ్మాలో అయిదు అడ్డం, అయిదు నిలువు గళ్ల పటం, నాలుగు గవ్వలు. గవ్వలు లేనివాళ్లు చింతగింజలను ఒకవైపు బండకు అరగదీసి తెల్లబరచి పాచికలుగా వేస్తారు. చింతపండు వ్యాపారానికి పేరుపడిన కృష్ణగిరిలో ఆ గింజలకు కొదవ ఉండదు. ఒక్కొక్కరికి నాలుగు కాయలు. ఒకరు గాజుపెంకులు తీసుకుంటే ఇంకొకరు సుద్దముక్కలు, మరొకరు గులకరాళ్లు, నాలుగోవారు గింజలు. నలుగురి కాయలూ కలగలిసిపోయినా ఏది ఎవరిదో చూపు పడగానే తెలుస్తుంది. సరుకు తేడాతో పక్షాన్ని గుర్తించే ఈ పద్ధతి ఎంత పక్కాదంటే, పాత్రధారణ ఆటలో రంగులు సరిపోనప్పుడు దీన్ని యథాతథంగా వాడుకోవచ్చు. కాపలాదారులందరూ చింతగింజలు, దొంగలందరూ గాజుపెంకులు, ఆటగాళ్ల పాత్రలు మాత్రం బొమ్మ గీసిన బిళ్లలు.

బొమ్మ గీసిన గుండ్రటి ముక్కకు మన దగ్గర గంజిఫా పేకముక్కల కంటే మంచి ఉదాహరణ లేదు. నిర్మల్‌లోనూ సరిహద్దు అవతల మైసూరులోనూ చేతితో రంగులు వేసి వీటిని తయారుచేసేవారు. దశావతార గంజిఫాలో పది అవతారాలకు పన్నెండేసి ముక్కలు, మొత్తం 120. మత్స్యావతారానికి చేప, కూర్మావతారానికి తాబేలు, పరశురాముడికి గొడ్డలి. అంకెల ముక్క మీద ఎన్ని చేపలుంటే అది ఆ ముక్క అంకె. అరచేతిలో ఇమిడే గుండ్రంలో ఎవరు, ఎంత అన్న రెండు సంగతులూ చదువు రానివారికి కూడా అందేలా ఇమిడ్చిన చిత్రకారుల పనితనం గొప్పది. పాత్రధారణ ఆటకు బిళ్లలు గీయబోయేవాళ్లు ముందు ఈ ముక్కలను శ్రద్ధగా చూడాలి.

కొలతలు, తయారీ

డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లోనూ దాన్ని పోలిన ఆటల్లోనూ పటం మీద ఒక అంగుళం గడి అయిదడుగుల నేలకు సమానం. మనిషంత జీవి ఒక గడిని ఆక్రమిస్తుంది. గుర్రం, పులి వంటి పెద్దవి రెండు గళ్లు అడ్డం, రెండు నిలువు. ఏనుగు మూడింటికి మూడు. అన్నిటికంటే పెద్ద డ్రాగన్లు నాలుగింటికి నాలుగు, ఇంకా పైన. బిళ్లలో అన్నిటికంటే కచ్చితంగా ఉండవలసింది ఈ కొలతే. బన్నేరుఘట్ట వైపు నుంచి హోసూరు అడవుల్లోకి దిగే ఏనుగుల మందను ఆటలో పెట్టాలంటే మినియేచర్లతో అది భారీ ఖర్చు. ఏడున్నర సెంటీమీటర్ల అట్ట గుండ్రాలు అయిదు కత్తిరిస్తే మంద తయారు.

చేతికి అందే వస్తువుల కొలతలు తెలిసి ఉంటే పని సులువవుతుంది. అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు. 2011 వరస రెండు రూపాయల నాణెం వ్యాసం 25 మిల్లీమీటర్లు, కాబట్టి గడిలో సరిగ్గా కూర్చుంటుంది. పది రూపాయల నాణెం 27 మిల్లీమీటర్లు, గీత దాటుతుంది. క్యారమ్స్ కాయ వ్యాసం మూడు సెంటీమీటర్లకు పైనే. అంగుళం గడిలో ఇది పట్టదు, పక్క గడిలోని కాయను తోసేస్తుంది. క్యారమ్స్ కాయలే వాడదలచినవారు పటాన్నే మూడున్నర సెంటీమీటర్ల గళ్లతో గీసుకోవడం మేలు. బడి పిల్లల గ్రాఫు కాగితం సెంటీమీటర్ల లెక్కలో ఉంటుంది కనుక, రెండున్నర సెంటీమీటర్లకు ఒక గీత చొప్పున స్కెచ్ పెన్నుతో దిద్దుకుంటే అంగుళానికి దాదాపు సమానమైన గడి వస్తుంది.

అట్ట విషయానికి వస్తే పెళ్లి శుభలేఖకు సాటి వచ్చేది తక్కువ. మందంగా, బిగువుగా ఉంటుంది, కత్తెరకు లొంగుతుంది. రెండు రూపాయల నాణెం పెట్టి పెన్సిల్‌తో చుట్టూ గీసి, గీతకు లోపలగా కత్తిరించాలి. అలాంటివి రెండు ముక్కలు మైదాపిండి జిగురుతో అతికించి, బరువైన పుస్తకం కింద రాత్రంతా ఉంచితే మర్నాటికి వంగని బిళ్ల అవుతుంది. తడిగా ఉన్నప్పుడే బొమ్మ గీస్తే రంగు పాకుతుంది. ఆరాకే గీయాలి. అంచు వెంట నల్లని లేదా ఎర్రని గీత దిద్దితే పటం గీతల్లో బిళ్ల కలిసిపోకుండా ఎత్తి కనబడుతుంది. వెనకవైపు ఖాళీగా వదలకూడదు. అక్కడ అదే పాత్ర గాయపడిన రూపమో, కింద పడిపోయిన గుర్తో ఉండాలి. మడిచి నిలబెట్టే అట్టబొమ్మ దూరం నుంచి బాగా కనబడుతుంది గానీ పంకా గాలికి పడిపోతుంది. ఎండాకాలం ఆడే ఆటలకు చదును బిళ్లే నమ్మకమైనది.

చెక్కతో చేయించుకోవాలంటే కర్ణాటకలోని చన్నపట్న దగ్గరలోనే ఉంది. లక్కబొమ్మల ఆ ఊరు బెంగళూరు, మైసూరు దారిలో ఉంటుంది. ఉమ్మడి విశాఖ జిల్లాలోని ఏటికొప్పాకలో అంకుడుకర్రను తరిణి పట్టి లక్కపూత పూసే పని కూడా ఇలాంటిదే. తరిణి మీద గుండ్రటి కర్రను బిళ్లలుగా కోసి ఒక్కో జట్టుకు ఒక్కో లక్క రంగు వేస్తే తరాలపాటు మన్నుతాయి.

గుర్తులు

బిళ్ల మీద ఏం ఉండాలన్నది హోసూరు వంటి చోట ప్రత్యేకంగా ఆలోచించవలసిన సంగతి. తమిళనాడులో 2006 నాటి చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు అక్షరాలు రాని పిల్లలు ఈ ప్రాంతంలో చాలామంది ఉన్నారు. ఒకే బల్ల దగ్గర ఒకరికి తెలుగు లిపి, ఒకరికి కన్నడం, ఒకరికి తమిళం వచ్చి ఉండవచ్చు. అందువల్ల పేరులోని మొదటి అక్షరం రాసే అలవాటు ఇక్కడ పనికిరాదు. బొమ్మ, రంగు, అంకె అందరికీ అందుతాయి. ఒకే జాతి శత్రువులు ఆరుగురుంటే బిళ్లలకు 1 నుంచి 6 దాకా అంకెలు వేయాలి. లేకపోతే ఎవరికి ఎంత దెబ్బ తగిలిందో కథ నడిపేవారి లెక్క తప్పుతుంది. మూడో విల్లుకాడు అని వేలు చూపితే బల్ల మీద అందరి చూపూ ఒకచోట పడుతుంది. ఒకేలా పోతపోసిన ఆరు మినియేచర్లతో ఇది కుదరదు.

బొమ్మలకు ఆధారాలు వెతకనక్కరలేదు. కృష్ణగిరి జిల్లాలో వీరగల్లులు, అంటే వీరుల స్మారక శిలలు, విరివిగా ఉన్నాయి. ఆవులమందను కాపాడుతూ పడిపోయిన వీరుడు, పులిని పొడిచే వీరుడు, విల్లు ఎక్కుపెట్టినవాడు, అందరూ రాతి పలక మీద కొద్దిపాటి ఉబ్బెత్తుతో నిలబడి ఉంటారు. చేతిలోని ఆయుధం, ఒంటి వంపు చూస్తే పాత్ర తెలిసిపోతుంది. బిళ్ల మీది గీతకు ఇంతకంటే మంచి ఒరవడి ఎక్కడో పరదేశపు పుస్తకంలో దొరకదు.

ఆటలో వాడకం

బిళ్లతో పోరు ఎలా నడుస్తుందో చూడడానికి కృష్ణగిరి కోటే తగిన రంగస్థలం. మూడో మైసూరు యుద్ధంలో, 1791 నవంబరులో, కర్నల్ మాక్స్‌వెల్ నాయకత్వంలోని ఇంగ్లీషు దళం కింది పేటను పట్టుకుని కొండకోట మీదికి ఎగబాకింది. మైసూరు పాలకుడు టిపూ సుల్తాను సైనికులు పైనుంచి బండరాళ్లు దొర్లించి వాళ్లను తిప్పికొట్టారు. కోట లొంగలేదు. మరుసటి సంవత్సరం శ్రీరంగపట్నం సంధితో చుట్టుపక్కల బారామహల్ సీమతో పాటు ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లింది.

ఆటగాళ్లు కోటలోని కాపలాదారులనుకుందాం. పటం మీద మెట్లదారి రెండు గళ్ల వెడల్పు, ఇరవై గళ్ల పొడవు, అంటే పదడుగుల వెడల్పున నూరడుగుల దారి. పైకి వచ్చే సైనికులు పన్నెండుమందికి అంకెలు వేసిన పన్నెండు ఎర్ర బిళ్లలు. దారి ఇరుకు కనుక ముందువరసలో ఇద్దరే పడతారు. వెనకవాళ్లు ఆగిపోవడం కళ్లకు కనబడుతుంది. కాపలాదారు దొర్లించే బండకు నిజమైన కృష్ణగిరి గులకరాయినే పెట్టవచ్చు. అది దిగిన ప్రతి గడిలోని బిళ్ల తప్పించుకున్నదీ లేనిదీ పాచిక చెబుతుంది. తప్పించుకోలేనివాడి బిళ్ల తిరగబడుతుంది. బిళ్ల తిరగబడితే పడిపోయాడని బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరికీ మాట లేకుండా తెలుస్తుంది. కింద పడ్డ మినియేచరు పడగొట్టబడినదో, చెయ్యి తగిలి పడినదో మళ్లీ అడగవలసి వస్తుంది. లేచి నిలబడినవాడి మీద విషప్రభావమో భయమో ఉంటే అతని బిళ్ల కింద రంగు కాగితం ముక్క పెడతారు. ఎగిరే జీవి అయితే ఎత్తు ఎన్ని పదుల అడుగులో తెలిపే పాచికను బిళ్ల మీద ఉంచుతారు. బిళ్ల చదునుగా ఉండబట్టే దాని మీద ఇంకొకటి నిలుస్తుంది.

పరిమితులు

మినియేచరుకు ఉన్న బలం దాని నిలువు రూపం. గోడ వెనక దాక్కున్నవాడు ఎంతవరకు కనబడతాడో మట్టానికి కళ్లు వంచి చూసి తేల్చే ఆటల్లో బొమ్మే ఉండాలి. వాటిలో చదును బిళ్ల చేతులెత్తేస్తుంది. ముఖం ఎటు తిరిగి ఉందన్నది కూడా బొమ్మ చెప్పినంత తేలిగ్గా బిళ్ల చెప్పలేదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఇటీవలి కూర్పుల్లో ముఖదిశ మామూలుగా లెక్కకు రాదు గనుక ఇది పెద్ద లోటు కాదు. లెక్కించే ఆటల్లో బిళ్ల అంచున చిన్న బాణం గుర్తు వేస్తే సరిపోతుంది. ఎదురుగా కూర్చున్నవారికి బిళ్ల మీది బొమ్మ తలకిందులుగా కనబడుతుందన్నది మరో ఇబ్బంది. పైనుంచి చూసినట్టు గీసిన బొమ్మలు ఈ చిక్కును తొలగిస్తాయి.

బొమ్మలకు రంగులద్దడంలోనే ఆనందం పొందేవారు చాలామంది ఉన్నారు. ఆ కళ విలువ కళదే. అయితే బొమ్మలు కొనగలిగినవారే ఆడగలరన్న అభిప్రాయం కొత్తవారిని గుమ్మంలోనే ఆపేస్తుంది. నియమాలు ఆ షరతు ఎన్నడూ పెట్టలేదు.

కంప్యూటరు తెర మీద

వేర్వేరు ఊళ్లలో ఉన్నవాళ్లు కలిసి ఆడుకునే వేదికలు 2004లో ఫ్యాంటసీ గ్రౌండ్స్‌తో నిలదొక్కుకుని, 2012లో రోల్20తో, 2020లో ఫౌండ్రీతో విస్తరించాయి. వీటిలో సాధారణంగా కనిపించేది పైనుంచి చూసే పటం, దాని మీద గుండ్రటి చదును బిళ్లలు. గడికి అయిదడుగుల లెక్క, రెండింటికి రెండు, మూడింటికి మూడు అన్న జాగా లెక్క అక్కడా అవే. గాయాల లెక్క బిళ్ల పక్కన గీతగా కనబడుతుంది, చీకట్లో దాని చుట్టూ ఎంత మేర వెలుగు ఉందో తెరే చూపిస్తుంది. హోసూరులో ఉన్న ఆటగాడు, కృష్ణగిరిలో ఉన్న మిత్రుడు, విదేశంలో ఉన్న బంధువు ఒకే పటం మీద కలుసుకోవచ్చు. చేతితో గీసిన శుభలేఖ అట్టబిళ్లను ఫోనుతో ఫొటో తీసి ఎక్కించినా ఈ వేదికల్లో అది టోకెన్‌గా పనిచేస్తుంది.